గ్లెబ్ పతకాన్ని కడిగిన వైనం

పతకం పోయింది శుక్రవారం సాయంత్రం. పోయిందని తెలిసింది శనివారం మధ్యాహ్నం. మధ్యలో వచ్చిన రాత్రి ఆ ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోయారు. ఏడాదిగా సరైన నిద్ర ఎరగని కిరా ల్వోవ్నాకి కూడా ఆ రాత్రి ఒకే నిద్రలో తెల్లవారింది.

శుక్రవారానికి ఆమె భర్త గ్లెబ్ వెస్నిన్ పోయి ఏడాది. ఆయన హెలికాప్టర్ పైలట్, మేజరు. వోల్గా నీళ్ళు నిలిచిన పెద్ద జలాశయం ఒడ్డున, పైన్ చెట్ల మధ్య ఉన్న ఆ వైమానికదళం ఊళ్ళోనే ఉద్యోగమంతా చేశాడు. యుద్ధంలో పోలేదు, ప్రమాదంలోనూ పోలేదు. ఆగస్టు చివర ఒక ఉదయం బూటు లేసు కట్టుకుంటూ ముందుకి వాలిపోయాడు. ఎవరైనా అడిగితే కిరా "గుండె" అని ఊరుకునేది. బళ్ళో ఫిజిక్సు చెప్పే మనిషి. మాటల్ని కూడా తూకం వేసినట్టే వాడుతుంది.

ఏడాదికి అందరూ చేసేదే ఆమె కూడా చేసింది. పొద్దున్నించీ పొయ్యి దగ్గరే ఉంది. పల్చని అట్లు పోసింది. ఉడికించిన గోధుమల్లో తేనె, ఎండుద్రాక్ష కలిపి కుత్యా చేసింది. క్యాబేజీ కూరిన పెద్ద పిరోగ్ కాల్చింది. అత్తగారు అగ్రఫేనా యెగోరొవ్నా కిటికీ పక్కన స్టూలు వేసుకుని అజమాయిషీ చేసింది. ఆవిడకి ఎనభై దాటాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. చెవులు మాత్రం ఆవిడకి అవసరమైనప్పుడు బాగానే పనిచేస్తాయి.

"మాడిందా?"

"లేదత్తయ్యా."

"వాసనొస్తోంది."

"పక్కింట్లోంచి."

"అయితే పక్కింటావిడ మనకంటే బాగా మాడుస్తుందన్నమాట," అంది ముసలావిడ తృప్తిగా.

మధ్యాహ్నానికి గ్లెబ్‌తో కలిసి ఎగిరిన ఇద్దరూ వచ్చారు. హెలికాప్టర్లో ఉండేది ముగ్గురు. కమాండరు గ్లెబ్. ఆయన పక్క సీట్లో తిమోఫీ ఓజెరోవ్, ముప్ఫై దాటిన కెప్టెను, ఊరంతటికీ తిమా. వాళ్ళిద్దరి మధ్య మడతకుర్చీలో మెకానిక్కు రషీద్ గాలియేవ్. కజాన్ వైపు తాతారు జాతివాడు, యాభై ఏళ్ళుంటాయి, వోద్కా ముట్టడు. ముగ్గురిలో మిగిలిన ఆ ఇద్దరు కూడా ఇక కలిసి ఉండేది రెండు రోజులే. దళాన్ని తూర్పుకి తరలిస్తున్నారు. తిమా ఆదివారం తూర్పున ఉన్న చీతా ఊరికి రైలెక్కుతాడు. రషీద్ పెన్షను తీసుకుని కూతురి దగ్గరికి పోతాడు. అందుకే, పతకం కడిగే పని ఏదో ఈలోపే చేసెయ్యాలని కిరా పట్టుబట్టింది.

ఆ పతకం వచ్చిన కథ ఊళ్ళో అందరికీ తెలుసు. గ్లెబ్ పోయే ముందు ఏడాది, మార్చిలో, జలాశయం మీద మంచు ఉన్నట్టుండి విడిపోయింది. ప్రతి వసంతంలోనూ ఇంతే. మంచుకి కన్నం పెట్టి గాలం వేసుకుని కూర్చునే మగాళ్ళు, వెళ్ళొద్దని రేడియోలో మొత్తుకున్నా వెళ్తారు. ఆసారి ముప్ఫైమంది పైగా పెద్ద పలక మీద నడి నీళ్ళలోకి కొట్టుకుపోయారు. పొగమంచు. పలక పగుళ్ళిస్తోంది, హెలికాప్టర్ బరువు ఆపదు. గ్లెబ్ ఒక్క చక్రం అంచుకి ఆనించి, బరువంతా గాలిలోనే నిలబెట్టుకుని, వాళ్ళని విడతలుగా ఎక్కించాడు. చిట్టచివర ఒక ముసలాయన మిగిలాడు. చేతిలో తన తొడంత వాలుగలాంటి చేప.

"ముందు దీన్నెక్కించండి. నా సంగతి తర్వాత," అన్నాడట ఆయన.

"తాతా! దానికి ఈతొచ్చు, నీకు రాదు!" అని రషీద్ అరిచాడు.

చివరికి చేపా వచ్చింది, తాతా వచ్చాడు. దారిపొడుగునా ఆ చేప తోకతో తిమా మెడ మీద కొడుతూనే ఉంది.

దానికి గ్లెబ్‌కి నెస్తెరోవ్ పతకం ఇచ్చారు. వెండి రంగు బిళ్ళ మీద ప్యోత్ర్ నెస్తెరోవ్ ముఖం. నెస్తెరోవ్ దగ్గర్లోని నిజ్నీ నగరంలో పుట్టినవాడే, అక్కడి పిల్లలకి సొంత ఊరి మనిషి లెక్క. విమానాలు గుడ్డతో, కర్రతో కట్టే రోజుల్లో, కీవ్‌లో విమానాన్ని నిలువుగా గుండ్రం తిప్పి దింపాడు. అలా తిప్పినవాళ్ళలో ఆయనే మొదటివాడు. మరుసటేడు యుద్ధం మొదలైంది. చేతిలో ఏ ఆయుధం లేకుండా ఎగిరి, శత్రువు విమానాన్ని తన విమానంతోనే ఢీకొట్టి కూల్చాడు. తనూ కూలిపోయాడు. కిరా ప్రతి ఏడూ పిల్లల ముందు నీళ్ళ బకెట్టు గుండ్రంగా తిప్పి, పైనుంచి చుక్క ఎందుకు పడదో చెప్పేటప్పుడు ఆయన పేరే చెప్తుంది.

గ్లెబ్‌కి నెస్తెరోవ్ అంటే గౌరవం కంటే చనువెక్కువ. "అందరూ ఆయన చచ్చిన తీరే చెప్తారు. తలకిందులుగా తిరిగి నవ్వుతూ దిగిన సంగతి చెప్పరేం?" అనేవాడు. "సర్కారు సొత్తు తలకిందులు చేశావని ముందు శిక్ష వేశారంట, తర్వాత పదోన్నతి ఇచ్చారంట. మనవాళ్ళు అప్పుడూ ఇంతే." పతకం ఇంటికి తెచ్చిన రోజు మాత్రం కొంచెం సిగ్గుపడ్డాడు. "ఆయనేమో శత్రువుకి ఎదురెళ్ళాడు. నేనేమో తాగుబోతుల్నీ వాళ్ళ చేపల్నీ మోసుకొచ్చాను. ఇద్దరికీ ఒకటే బిళ్ళా?"

"ఆయన ఒకర్ని కిందికి దించాడు. నువ్వు ముప్ఫైమందిని పైకెత్తావు," అంది కిరా. అంతకంటే ఏమీ అనలేదు. గ్లెబ్ ఆ మాట తర్వాత రెండు మూడు చోట్ల తన మాటగా చెప్పుకున్నాడని ఆమెకి తెలిసింది.

అయితే ఆ పతకాన్ని ఆయన ఒక్కరోజు కూడా పెట్టుకోలేదు. కొత్త పతకాన్ని కడగాలి. సబ్బుతో కాదు. గ్లాసు అడుగున పతకం వేసి, అంచుదాకా వోద్కా పోసి, పతకం వచ్చినవాడు తోటివాళ్ళ ముందు నిలబడి ఊపిరి తీసుకోకుండా తాగాలి. చివరి గుక్కతో పతకం జారి పెదవులకి తగలాలి, పళ్ళతో పట్టుకోవాలి. కడగని పతకం ఛాతీ మీద నిలవదని, దాని వెనక మరొకటి రాదని వాళ్ళ నమ్మకం. జనరళ్ళయినా దీనికి మినహాయింపు లేదు. గ్లెబ్‌కేమో సెప్టెంబరులో డాక్టర్ల బోర్డు ఉంది, రక్తపోటు కొంచెం ఎక్కువగా ఉంది. "బోర్డు దాటనీ, అప్పుడు కడుగుదాం," అని ఎర్ర డబ్బా ఫ్రిజ్ మీద పెట్టాడు. సెప్టెంబరు రాకుండానే పోయాడు. బీరువాలో ఆయన పరేడ్ కోటు మీద మిగతా పతకాలన్నీ ఉన్నాయి. దీనికని వదిలిన చోటు ఖాళీగా ఉంది. ఏడాది పొడుగునా కిరా బీరువా తెరిచినప్పుడల్లా చెయ్యి ఆ ఖాళీ దగ్గర ఆగేది. అది నిండాలి. ఆమె కోరింది అంతే. కానీ కడగకుండా తగిలిస్తే గ్లెబ్ ఒప్పుకోడు.

అందుకని శుక్రవారం మధ్యాహ్నం ఎర్ర డబ్బా తిమా చేతికిచ్చింది.

"మీ పద్ధతి ఎలాగో అలా చెయ్యండి. నన్ను మాత్రం అడక్కండి, నాకు తెలీదు."

"కమాండరు బదులు ఎవరు తాగాలి, కిరా ల్వోవ్నా?"

"అది కూడా మీ పద్ధతిలోదే కదా."

"నేనైతే కంపోట్‌తో," అన్నాడు రషీద్. పళ్ళు ఉడికించిన ఆ తియ్యనీళ్ళతోనే అతను తన పతకాలన్నీ కడుక్కున్నాడు. "నవ్వకు తిమా. చక్కెర పాకం. నా పతకాలు ఛాతీకి అతుక్కుని ఉంటాయి. నీవే ఊడిపోతాయి."

గ్లెబ్ ఫొటో ముందు ఆయన నీలం ఎనామిల్ మగ్గు పెట్టారు. దాన్నిండా వోద్కా పోసి, పైన నల్ల రొట్టె ముక్క మూతలా పెట్టాలి. అది పోయినవాడి వాటా, మరొకరు నోరు పెట్టరాదు. ఆ బల్ల దగ్గర గ్లాసులు ఒకదానికొకటి తాకించకూడదు కూడా. తాకించడం సంతోషానికి, ఇది సంతోషం కాదు.

ఇంటినిండా చుట్టుపక్కలవాళ్ళు చేరారు. కుత్యా తలా ఒక చెంచా తిన్నారు. మొదట మెల్లగా మాట్లాడారు, తర్వాత మామూలుగా మాట్లాడారు. ఎవరో చేప కథ ఎత్తారు. తిమా లేచి చేప తోక తన మెడ మీద ఎలా కొట్టిందో చేసి చూపించాడు. అగ్రఫేనా యెగోరొవ్నా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "వాడికి చిన్నప్పటినించీ ఇంతే. కుక్కపిల్ల అంటే కుక్కపిల్లనీ తెస్తాడు, దాని తల్లినీ తెస్తాడు," అంది. కిరా కూడా నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు తప్పుగా అనిపించలేదు.

సాయంత్రమవుతుండగా ఆకాశం నల్లబడింది. రషీద్ కిటికీలోంచి చూసి ఉలిక్కిపడ్డాడు.

"సిమెంటు!"

మట్టి కుదురుకోవడానికి ఏడాది ఆగి, ఆ తర్వాతే సమాధి కట్టుకుంటారు. వెళ్ళిపోయేలోపు కమాండరు సమాధికి పలక తామే పోస్తామని వాళ్ళిద్దరూ మాటిచ్చారు. అప్పటికే కంకర పరిచారు, చుట్టూ చెక్కలు బిగించారు. తెల్లవారి కాంక్రీటు పోయాలి. సిమెంటు బస్తాలు రషీద్ గరాజు బయట, ఆరుబయట ఉన్నాయి. ఇద్దరూ టోపీలు కూడా పెట్టుకోకుండా పరిగెత్తారు. వచ్చినవాళ్ళు వాన పడకముందే ఇళ్ళు చేరదామని లేచారు. కిరా వంటింట్లో గిన్నెల ముందు నిలబడింది. అత్తగారు శాలువా కప్పుకుని, చేతికర్ర తీసుకుని బయటికి వెళ్ళడం ఆమె చూసింది. అందులో వింతేమీ లేదు. పైన్ చెట్ల అవతల ఉన్న శ్మశానానికి ఆవిడ రోజూ ఒకసారి వెళ్ళొస్తుంది. వాన కూడా నాలుగు చినుకులు రాల్చి వెళ్ళిపోయింది.

కిరా బల్ల సర్దడానికి వచ్చేసరికి ఎర్ర డబ్బా మూతపెట్టి అల్మరా మీద ఉంది. తిరిగొచ్చిన మగాళ్ళిద్దరూ గదిలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా సెలవు తీసుకున్నారు. కడగడం అయిపోయిందన్నమాట, అనుకుంది కిరా. వాళ్ళ పద్ధతి గురించి అడగనంది కాబట్టి అడగలేదు. నిద్రపోయింది.

శనివారం పొద్దున్నే కాంక్రీటు పోశారు. మధ్యాహ్నం కిరా పరేడ్ కోటు బయటికి తీసి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసింది. పాత పతకాల వరుస సరిచేసింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఎర్ర డబ్బా తెరిచింది.

లోపల మఖ్మలు గుడ్డలో గుండ్రటి గుంట మాత్రమే ఉంది.

తిమా, రషీద్ పెరట్లో తాపీలు కడుక్కుంటున్నారు. కిరా డబ్బా తెరిచి వాళ్ళ ముందు పట్టుకుంది.

"ఎక్కడ పెట్టారు?"

తిమా డబ్బా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "మీరు తియ్యలేదా?"

"ఎక్కణ్ణించి తియ్యాలి?"

"మగ్గులోంచి."

"ఏ మగ్గు, తిమా?"

తిమా మెడ ఎర్రబడింది. "కమాండరు మగ్గు. కడిగేది ఆయన పతకం కదా, మొదటి వంతు ఆయనకే ఉండాలనిపించింది. ఎవరూ చూడకుండా అడుగున వేసి, నిండా పోసి, రొట్టె పెట్టాను. అందరూ వెళ్ళాక తీసి మేం కడుగుదామనుకున్నాం. తిరిగొచ్చేసరికి మగ్గు లేదు. డబ్బా మూసి ఉంది. మీరే తీసి లోపల పెట్టారనుకున్నా. అలాంటి రోజున ఇంట్లో ఎలా అడగను?"

"నేనూ నిన్ను అందుకే అడగలేదు," అంది కిరా.

ఇంతమంది మర్యాదస్తులు ఒక చోట చేరితే అలాగే అవుతుంది.

ముగ్గురూ వంటింట్లోకి వెళ్ళారు. మగ్గు అల్మరాలో బోర్లించి ఉంది, పొడిగా, శుభ్రంగా. అగ్రఫేనా యెగోరొవ్నా మిగిలిన పిరోగ్ తింటోంది.

"అత్తయ్యా, నిన్న ఫొటో ముందున్న మగ్గు మీరు తీశారా?"

"తీశాను. తెరిచి ఉన్న డబ్బా కూడా మూసి పక్కన పెట్టాను. ఏం?"

"అందులోది ఏం చేశారు?"

"వాడిది వాడికిచ్చాను. మీ పట్నంవాళ్ళలా ఇంట్లో పెట్టి ఆవిరి చేస్తానా? మా ఊళ్ళో పోయినవాడి వాటా ఆ రోజే మోసుకెళ్ళి వాడికే పోస్తారు. రొట్టె పిచ్చుకలకి వేశాను."

"అంటే... సమాధి మీద పోశారా, బామ్మా?" అన్నాడు రషీద్ నెమ్మదిగా.

"మరి నీ మీద పోస్తానట్రా?"

"కంకర మీద?"

"మీరు పోసిన కంకర మీదే. కాలు విరిగేట్టుంది." ముసలావిడ చెయ్యి ఆపి ముగ్గురి నీడలవైపూ తల తిప్పింది. "ఒక్కటి చెప్పనా, నవ్వకండి. పోస్తుంటే టింగుమని వినిపించింది. పోయినవాళ్ళతో గ్లాసు తాకించకూడదని వాడికి తెలుసు. అయినా తాకించాడు. చిన్నప్పటినించీ చెప్పిన మాట వింటే కదా, అనుకున్నా. ఇంటికొచ్చి హాయిగా పడుకున్నా."

ఎవరూ నవ్వలేదు. తిమా తాపీ పట్టుకున్న చేత్తోనే నుదురు తుడుచుకున్నాడు.

"బామ్మా, అది పతకం. ఆయన పతకం. ఆ కంకర సందుల్లోకి జారింది. పొద్దున దాని మీద మేం..."

ముసలావిడ చేతిలో పిరోగ్ ముక్క మెల్లగా కంచంలోకి దిగింది.

నలుగురూ శ్మశానానికి బయల్దేరారు. పైన్ చెట్ల కింద నేల మెత్తగా ఉంది, గాలికి జిగురు వాసన.

పలక నున్నగా, తడి బూడిద రంగులో ఉంది. రషీద్ దాని మీద చాలాసేపు పనిచేసినట్టున్నాడు. నాలుగు అంచులూ గీత గీసినట్టున్నాయి. మధ్యలో తాపీ కొసతో పెద్ద గుండ్రం గీసి ఉంది, హెలికాప్టర్లు దిగే చోట గీసినట్టు. అగ్రఫేనా యెగోరొవ్నా వంగి దాదాపు ముక్కు ఆనించి చూసింది.

"ఇదేంట్రా రషీదూ? మావాడి సమాధా, విమానాశ్రయమా?"

"ఆయనకి బురదలో దిగడం ఇష్టం ఉండదు బామ్మా," అన్నాడు రషీద్. తర్వాత కిరా వైపు తిరిగాడు. "కిరా ల్వోవ్నా, ఇంకా పచ్చిగానే ఉంది. మీరు ఊఁ అంటే ఇప్పుడే పార పెడతాను, గంటలో మీ చేతికిస్తాను. సాయంత్రం దాటితే సుత్తి కావాలి. మీ ఇష్టం. మళ్ళీ పోయడానికి సిమెంటు ఉంది."

పార అతని భుజం మీదే ఉంది. తిమా మోకాళ్ళ మీద కూర్చుని చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు. "తప్పు నాది. నేనే తవ్వుతాను."

"తప్పెవరిదని నేనడగలేదు తిమా. మార్కులు వెయ్యడం బడి తెరిచాకే," అంది కిరా.

ఆమె పలక చుట్టూ ఒకసారి నడిచింది. కోటు ఇంట్లో బల్ల మీద ఉంది, ఇస్త్రీ వేడి ఇంకా ఆరి ఉండదు. గంట ఆగితే ఖాళీ నిండుతుంది. తవ్వు అంటే చాలు. ఏడాదిగా కోరుకున్నది అడుగు లోతులో ఉంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అయితే దేన్నైనా పగలగొట్టేముందు లెక్క ఒకసారి సరిచూడమని ఆమే పిల్లలకి చెప్తుంది.

"రషీద్, మీ పద్ధతి నాకు మొదటినించీ చెప్పు. కడిగినట్టు లెక్క ఎప్పుడు?"

రషీద్ పార దించి దాని మీద గడ్డం ఆనించాడు. "పతకం అడుగున ఉండాలి. గ్లాసు నిండా ఉండాలి."

"అత్తయ్యా, మగ్గు నిండా ఉందా?"

"అంచుదాకా. శాలువా మీద ఒలక్కుండా తెచ్చేసరికి ప్రాణం పోయింది."

"తర్వాత?"

"మధ్యలో ఆపకూడదు. చుక్క మిగలకూడదు."

"ఆపానా? తలకిందులు చేసి అడుగు మీద తట్టాను కూడా."

"వేరేవాళ్ళు తాగకూడదు. ఎవరి పతకం వాళ్ళే," అన్నాడు రషీద్. చెప్తూ చెప్తూ ఎక్కడికి వచ్చాడో అతనికే తెలిసింది. పార చెట్టుకి ఆనించాడు.

"నా కొడుకు వాటా ఇంకెవడు తాగుతాడు?" అంది ముసలావిడ.

"చివరి గుక్కతో పతకం ఆయన దగ్గరికి చేరాలి," అన్నాడు తిమా నేలమీద కూర్చునే.

కిరా పలక మధ్యలోని గుండ్రం వైపు చూసింది.

"అయితే కడగడం అయింది," అంది కిరా. "నిన్నే అయింది. మనం చూడలేదు, అంతే. ఇప్పుడు తవ్వితే ఆయన పుచ్చుకున్నదాన్ని వెనక్కి లాక్కున్నట్టు అవుతుంది. ఉండనివ్వండి."

అత్తగారు చెయ్యి చాచి తడిమింది. కిరా మోచెయ్యి దొరికింది. పట్టుకుంది.

"కోటో?" అంది.

"కోటు మీద ఖాళీ ఉంటే ఉండనీండి అత్తయ్యా. పతకం ఎక్కడుందో నాకు తెలుసుగా."

అలా అన్నాక తనకి ఎంత తేలికైందో కిరాకి కొంచెం ఆశ్చర్యం వేసింది. ఏడాదిగా ఆ ఖాళీని చూస్తే ఆయన దాకా చేరనిది ఏదో మిగిలిపోయినట్టు ఉండేది. చేరిపోయింది. ఆమె చేతుల మీదుగా కాదు, అయితేనేం.

తిమా మాత్రం లేవలేదు. పద్ధతి విషయంలో దళంలో అతని అంత చాదస్తుడు లేడు.

"ఒకటి మిగిలింది, కిరా ల్వోవ్నా. రిపోర్టు."

"అదేంటి?"

"పతకం నోట్లోంచి తీసి, అరచేతిలో పెట్టుకుని, నిటారుగా నిలబడి చెప్పాలి. తన హోదా, పేరు, ఫలానా పతకం వచ్చిన సందర్భంగా మీ ముందు హాజరయ్యాను అని. అప్పుడు తోటివాళ్ళు కూర్చోమంటారు. అంతవరకూ ఎవరూ కూర్చోరు." అతను లేచాడు, ప్యాంటు దులుపుకున్నాడు, టోపీ సరిచేసుకున్నాడు, మడమలు కలిపాడు. "ఆయన తరఫున నేను చెప్తాను."

"ఎవరి పేరు చెప్తావు?" అన్నాడు రషీద్. "నీ పేరు చెప్తే అబద్ధం. ఆయన పేరు చెప్తే ఇంకా పెద్ద అబద్ధం."

తిమా టోపీ తీసేశాడు. కిరా అతన్ని చెప్పమనలేదు, వద్దనీ అనలేదు. చెట్ల మీంచి ఒక హెలికాప్టర్ తూర్పుకి పోయింది. ముగ్గురూ అలవాటుగా తలెత్తి చూశారు. శబ్దం విని ముసలావిడ, "ఎడమ ఇంజను దగ్గుతోంది," అంది.

"రెండూ బాగానే ఉన్నాయి బామ్మా," అన్నాడు రషీద్ రోషంగా.

సంచీలోంచి అతను సీసా, కంపోట్ జాడీ, నాలుగు గ్లాసులు తీశాడు. పని ముగిశాక నలుగురూ పోసుకోవాలని పొద్దున తెచ్చి అక్కడే ఉంచినవి. తనకీ ముసలావిడకీ కంపోట్ పోయబోతే ఆవిడ గ్లాసు వెనక్కి లాక్కుంది.

"నాకు మనుషులు తాగేది పొయ్యరా."

గ్లాసులు నిండాయి. ఇప్పుడు తాకించాలా, వద్దా? పతకం కడిగిన చోట తాకించకపోతే అది కడగడమే కాదు. సమాధి దగ్గర తాకించడం అంటే మహా అపచారం. ముగ్గురూ గ్లాసులు పట్టుకుని అగ్రఫేనా యెగోరొవ్నా వైపు చూశారు. ఆ విషయంలో ఆ చుట్టుపక్కల ఆవిడ మాటే చట్టం.

"చూస్తారేం?" అంది ఆవిడ. "మొదలుపెట్టింది వాడు. నిన్ననే." అని గ్లాసు చాచింది. శుక్లాల వల్ల గురి తప్పి తిమా బొటనవేలికి కొట్టింది. రెండోసారి సరిగ్గా తగిలింది.

కిరా కూడా తాకించింది. ఆగకుండా తాగింది. మంటకి కళ్ళలో నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు. రషీద్ ఆమెకి పచ్చి దోసకాయ ముక్క అందించాడు. వాళ్ళు సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు, నిలబడే. పలక ఎలా బిగుస్తోందో రషీద్ మధ్యమధ్యలో వేలితో చూసి చెప్తూ వచ్చాడు. చీతాలో చలి గురించి, అక్కడ దొరకని క్యాబేజీ గురించి ముసలావిడ తిమాకి లేనిపోనివన్నీ చెప్పి భయపెట్టింది.

ఆదివారం తిమా రైలెక్కాడు. కిరా కట్టిచ్చిన పిరోగ్ ముక్క కిటికీలోంచి ఊపుతూ, అందరికీ వినపడేలా, "పిరోగ్ మాడలేదు కిరా ల్వోవ్నా!" అని అరిచాడు. వారం తిరక్కుండా రషీద్ కూడా సామాను కట్టుకున్నాడు. కిరా కోటుని బీరువాలో పెట్టేసింది. ఇప్పుడు తలుపు తెరిస్తే చెయ్యి ఖాళీ దగ్గర ఆగడం లేదు. బడి తెరిచారు. పలక గట్టిపడింది.

మేజరు గ్లెబ్ వెస్నిన్ రిపోర్టు మాత్రం ఇంకా ఇవ్వలేదు.